బకెట్లో బాంబు

మా ఇంట్లో మొదటి బాంబు వంటింట్లో, శనగపప్పు డబ్బా వెనక, రాత్రి పదకొండున్నరకి పేలింది. పేలిందంటే మరీ పేలలేదు. బిగించి పెట్టిన ప్లాస్టిక్ డబ్బా మూత ‘టప్’మని లేచి, గోడకి తగిలించిన జల్లెడని తాకి, కింద పడి, చాలాసేపు గుండ్రంగా తిరిగి ఆగింది. మా అమ్మ నిద్రలోంచే ‘ఛీ, పిల్లి’ అంది. మా ఇంటామె లేచి కూచుని, పిల్లి కోసం వెతక్కుండా తిన్నగా నావైపు చూసింది. ఇరవై ఆరేళ్ల కాపురంలో ఆ చూపు నాకు కొత్త కాదు.

నేను సైన్సు ఐవారిని. ఆమ్లాలు, క్షారాల పాఠం పదో తరగతి పిల్లలకి ఇరవై ఎనిమిదేళ్లుగా చెబుతున్నాను. మా ఊరు మిట్టేమరి సంగతి తెలియనివాళ్లకి ఒక మాట: మాది కర్ణాటకలో బాగేపల్లి తాలూకా. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, బ్యాంకులో ఇంగ్లీషు. కాబట్టి సోడాకి పులుపు తగిలితే బొగ్గుపులుసు గాలి పుడుతుందని నేను మూడు భాషల్లో చెప్పగలను. చెప్పి, అదే సోడానీ పులుపునీ తడిచేత్తో కలిపి, గాలి దూరని డబ్బాలో పెట్టి, మూత బిగించి పడుకున్నాను.

దీనికంతటికీ మూలం మా పెద్దమ్మాయి. బెంగళూరులో ఉద్యోగం. 2024 కొత్త సంవత్సరానికి ఆఫీసులో ఎవరో తనకో పెట్టె ఇచ్చారట. లోపల ప్లాస్టిక్ కాగితంలో బిగించి చుట్టిన గులాబిరంగు ఉండ, కమలాపండంత ఉంది. పేరు బాత్ బాంబు. తొట్టెనిండా నీళ్లు నింపి అందులో వేస్తే బుసబుసమని పొంగుతూ రంగూ వాసనా వదిలి కరిగిపోతుందట. ఆ నీళ్లలో మనిషి పడుకోవాలట. మా అమ్మాయి ఉండే ఇంట్లో తొట్టె లేదు. ఉన్నా ధైర్యం చాలేది కాదు. ఆ ఏడాది మార్చిలో బెంగళూరులో నీళ్ల కరువు ఎంత ముదిరిందంటే, తాగే నీళ్లతో కారు కడిగితే 5000 రూపాయలు జరిమానా అన్నారు. కారు కడిగితేనే అంత అయితే, తొట్టెలో పడుకుంటే ఎంతో! అందుకని ఆ ఉండని అలమారాలో నవమాసాలు మోసి, దసరాకి ఊరొచ్చినప్పుడు భక్తిగా తెచ్చి నా చేతిలో పెట్టింది.

మంచి చోటికే తెచ్చింది. నందికొండల చుట్టుపక్కలే పెన్న పుడుతుంది, చిత్రావతి పుడుతుంది, పాపఘ్ని పుడుతుంది. పుట్టడం వరకే మా వైపు, కాపురాలన్నీ కడపలోనో నెల్లూరులోనో. పురుళ్లు మావి, పంటలు వాళ్లవి. మాకు మిగిలింది బోరు. పాతాళందాకా తవ్వితే వచ్చే ఆ నీళ్లలో ఫ్లోరైడు ఉంటుంది కనక తాగకూడదు, బిళ్ల వేస్తే క్యాను నిండే ఫిల్టరు దగ్గర వరసలో నిలబడాలి. పోనీ స్నానానికి వాడదామా అంటే, సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు. విరిగిన పాలలాగా తెల్లటి తెట్టు వస్తుంది. ఇలాంటి ఊరికి తొట్టెలో పడుకునే సరంజామా వచ్చిందన్నమాట.

తొట్టె లేదు కనక ఇరవై లీటర్ల బకెట్లో వేశాను. బకెట్‌కి ఏం తెలుసు తాను తొట్టె కాదని? ఆ ఉండ నీళ్ల మీద గిరగిరా తిరుగుతూ, బుస కొడుతూ, గులాబిరంగు నురగని అంచు దాటించి బండలమీద పారించింది. మా అమ్మ గడప దగ్గర నిలబడి ‘అన్నం గంజి పొంగినట్టు పొంగుతాండాది, మూత తియ్యరా’ అంది. మూత లేదని చెప్పాను. చెంబుతో ఆ నీళ్లు పోసుకుని బయటికి వచ్చేసరికి హోలీలో తప్పిపోయి దసరాకి దొరికినవాడిలా ఉన్నాను. కానీ నిజం చెప్పాలి, ఒళ్లంతా సన్నటి బుడగలు జారుతుంటే హాయిగానే ఉంది. అప్పుడే వెల అడిగాను. నాలుగు వందలట.

‘నాలుగు వందలా! ఇందులో ఏముందే? వంటసోడా, నిమ్మ ఉప్పు. ఇరవై రూపాయల సరుకు. ఇంట్లో నేను చేస్తా చూడు’ అన్నాను. నోరు జారడం అంటే ఇదే.

బాత్ బాంబుని మొదట చేసినామె పేరు మో కాన్‌స్టంటైన్. 1989లో ఇంగ్లండులోని డోర్సెట్‌లో, తన తోటలోని చిన్న కొట్టంలో చేసింది. తర్వాత లష్ అనే స్నానపు సామాన్ల కంపెనీ పెట్టినవాళ్లలో ఆమె ఒకరు. నీళ్లలో వేస్తే బుసబుసలాడే ఆల్కా సెల్ట్జర్ మాత్ర చూసి, కడుపుకి హాయినిచ్చేది ఒంటికి ఎందుకివ్వదు అనుకుందట. కొట్టంలో చేసింది అనగానే నాకు ధైర్యం వచ్చింది. మాకూ కొట్టం ఉంది. అందులో ఇప్పటికి ఒక ఆవు, రెండు పాత సైకిళ్లు, చెనక్కాయ పొట్టు ఉన్నాయి. విజ్ఞానానికి చోటు చేయడం కష్టం కాదు.

బాగేపల్లిలో అంగడికి పోయి ‘సిట్రిక్ ఆసిడ్ ఉందాప్పా?’ అన్నాను. అంగడతను లోపలికెళ్లి కక్కసు కడిగే సీసా తెచ్చాడు. 

‘ఇది కాదప్పా, తినేది.’

‘ఆసిడ్ తింటారా ఐవారూ?’

‘నిమ్మ ఉప్పు.’

‘అట్ల చెప్పండి మల్ల. ఎంత కావల్ల?’

‘అర కేజీ. సోడా ఒక కేజీ.’

‘ఇంట్లో పెండ్లా?’

‘కాదు, బాంబులు చెయ్యాల.’

మా వైపు బాంబంటే దీపావళికి పేల్చే లక్ష్మీబాంబు, కాదంటే క్వారీలో బండ పగలగొట్టే మందు. అతను కాటా కింద పెట్టి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి ‘బిల్లు వద్దు కదా ఐవారూ?’ అన్నాడు. స్నానం సంగతంతా వివరంగా చెప్పాను. అంతా విని, ‘దానికి ఇంత తిప్పలెందుకు, పది ఈనో పొట్లాలు బకెట్లో కొట్టుకోండి’ అన్నాడు. అతను అన్నదాంట్లో తప్పేమీ లేదు. ఈనో పొట్లం వెనక చదివితే స్వర్జిక్షారం, నింబుకామ్లం అని ఉంటుంది. ఏ ఋషి ఆశ్రమంలోనో నూరినట్టుండే ఆ పేర్లకే సగం ఉబ్బరం తగ్గుతుంది కానీ, అవి మన వంటసోడా, నిమ్మ ఉప్పులే. తేడా ఏమిటంటే ఈనో పొడి, బాంబు ఉండ. ఈ పొడిని ఉండ చెయ్యడంలోనే నా దసరా సెలవులన్నీ పోయాయి.

లెక్క తేలికే. పుస్తకం ప్రకారం మూడు పాళ్ల నిమ్మ ఉప్పు నాలుగు పాళ్ల సోడాని పూర్తిగా తినేస్తుంది. కానీ ఒంటికి పులుపు తగలకుండా సోడాని ఎక్కువ వేసుకుంటారు, రెండుకి ఒకటి. పొడిగా ఉన్నంతసేపు ఈ రెండూ అత్తాకోడళ్లు అన్నాలు వడ్డించుకున్నంత మర్యాదగా పక్కపక్కన ఉంటాయి. తడి తగలాలి, అప్పుడు చూడండి. ఉండ కట్టాలంటే తడి కావాలి. తడి తగిలితే ఉండ కట్టకముందే పొంగిపోతుంది. చిక్కు ఇదీ.

మొదటిరోజు ఫిల్టరు నీళ్లని వేళ్లతో అక్షింతలు చల్లినట్టు చల్లాను. బేసిన్‌లో పొడి సర్రుమంది. చెయ్యి పెడితే చల్లగా ఉంది. ఫ్రిజ్‌లోంచి తీసినట్టే. చాలా రసాయనాలు కలిస్తే వేడి పుడుతుంది, ఇవి మాత్రం కలిసేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటాయి. పిల్లలకి ఏటా చెబుతాను కానీ చెయ్యి పెట్టి చూసింది లేదు. ఆ ముచ్చటలో ఉండగానే పొడి ముద్దైంది, ముద్ద పొంగింది, పొంగింది చప్పబడింది. ఎందుకంటే ఇవి కలిసినప్పుడు గాలితోపాటు నీళ్లు కూడా పుడతాయి. ఆ నీళ్లు పక్కనున్న పొడిని తడుపుతాయి, అక్కడా నీళ్లు పుడతాయి. కొళాయి దగ్గర ఒక చెవిలో వేసిన మాట ఊరంతా తిరిగినట్టే. మొదట ఒక చుక్క చాలు, మిగతా తడి అదే సంపాదించుకుంటుంది. 

చప్పబడగా మిగిలిన పొడినే ‘తెల్లారి చూద్దాంలే’ అని డబ్బాలో బిగించాను. 100 గ్రాముల సోడా పూర్తిగా పొంగితే దాదాపు 30 లీటర్ల గాలి వస్తుంది. శనగపప్పు డబ్బా పక్కన అంత జాగా లేదు.

రెండోరోజు నుంచి జాగ్రత్తపడ్డాను. నీళ్లు వద్దు, ఆల్కహాల్ కావాలి, అది త్వరగా ఆరిపోతుంది. 2020లో కొన్న శానిటైజరు సీసాలు ఇంటింటా ఉన్నట్టే మా ఇంట్లోనూ రెండున్నాయి. మొదటిది జెల్లు అని పిండాక తెలిసింది. పిండిలో చీమిడి కలిసినట్టైంది, ఆ విషయం అంతటితో వదిలేద్దాం. రెండోది తుంపర కొట్టేది. పని చేసింది. కాకపోతే శానిటైజరు అంటే పూర్తి ఆల్కహాల్ కాదు, పావు వంతు పైనే నీళ్లుంటాయి. కనక కొద్దిగా కొట్టి, చేత్తో కలిపి, మళ్లీ కొద్దిగా కొట్టాలి. 

ఇక అచ్చు. గుండ్రంగా రావాలంటే రెండు అరగుండ్లు కావాలి. మా వంటింట్లో సరిగ్గా అలాంటివి ఏడు గుంతలున్న వస్తువు ఉంది: గుంతపొంగణాల పెనం. నా తెలివికి నేనే మురిసిపోయి, గుంతలనిండా పిండి కూరి, గంట ఆగి తిప్పితే అరగుండ్లు చక్కగా ఊడివచ్చాయి. అడుగున మాత్రం తుప్పురంగు మచ్చలు. పొంగణాల పెనం పోత ఇనుము కదా. పులుపు ఇనుముని ఊరుకోదు. ఏళ్ల తరబడి మా అత్తగారి చేతి నూనె, మా ఇంటామె చేతి నూనె కలిసి ఆ పెనానికి పట్టించిన నల్లటి నునుపు ఒక్క గంటలో పోయింది. తర్వాతి పొంగణాలు పెనాన్ని వదల్లేదు. ‘మా అమ్మ ఇచ్చిన పెనంలో బాంబులు పోసినారు’ అనే మాట ఆ వారంలో మా ఇంటికి వచ్చిన ప్రతి చుట్టానికీ వినపడింది. పాలవాడికి కూడా.

అచ్చు మార్చాను. పాత ప్లాస్టిక్ బంతి సగానికి కోసి వాడాను. ఉండలు వచ్చాయి, ఆరబెట్టాను. ఇక్కడ ఆకాశం కల్పించుకుంది. అక్టోబరులో మా వైపు వాన ఈశాన్యం నుంచి వస్తుంది. బంగాళాఖాతంలో గాలి తిరిగితే తుపాను మద్రాసుకి, ముసురు మాకు. ఏడాది పొడుగునా వాన కోసం మబ్బువైపు చూసే మనిషిని, ఆ పదిరోజులు ఒక్క చినుకు పడకుండా చూడమని మొక్కుకున్నాను. చెనక్కాయ చెట్లు పీకి చేలో వేసినవాళ్లూ అదే మొక్కుతున్నారు కనక నా స్వార్థం జనంలో కలిసిపోయింది. మొక్కు ఫలించలేదు. నిమ్మ ఉప్పు గాలిలోని తేమని కూడా పీల్చుకుంటుంది. తెల్లారి చూస్తే ఉండల ఒంటినిండా బుడిపెలు. 

మా అమ్మ ఒక ఉండని దగ్గరగా పెట్టుకుని చూసి, ‘దీనికి అమ్మవారు పోసింది. వేపాకు తెచ్చి పెట్టు, నీళ్లు తగలనియ్యద్దు’ అంది. ఆమె నవ్వులాటకి అన్నదో నిజంగా అన్నదో ఇప్పటికీ తెలియదు. కానీ వైద్యం మాత్రం నూటికి నూరుపాళ్లు సరైనది. నీళ్లు తగలనివ్వకూడదు, అంతే.

తేమ పోవాలని మూడో వాయిని ఫ్యాను కింద పెట్టాను. పైపైన గబగబా ఆరిపోయి లోపల తడి మిగిలింది. ఉండలు నెర్రెలిచ్చాయి, ఏప్రిల్‌లో మా చెరువు అడుగు చూసినట్టు. వాటిని పట్టుకుంటే సగం చేతిలో, సగం చాప మీద. నాలుగో వాయికి కళ్లజోడు దొరకలేదు. రెండు పాళ్ల సోడాకి ఒక పాలు నిమ్మ ఉప్పు వెయ్యాల్సినవాణ్ని, తిరగేసి వేశాను. రెండు పొడులూ తెల్లనివే, రెండు డబ్బాలూ ఒకలాంటివే. ఉండలు గట్టిగా వచ్చాయి, బాగానే పొంగాయి, గెలిచాననుకుని అప్పుడే గడ్డం గీసుకున్న ముఖానికి ఆ నీళ్లు కొట్టుకున్నాను. నిమ్మకాయ పిండిన పుండు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు కదా. మిగిలిన ఆరింటిని పాత పేపర్లో చుట్టి కొట్టంలో సైకిలు పక్కన పడేశాను.

సెలవులు రెండు రోజులున్నాయనగా మా అమ్మ వచ్చి బేసిన్ ముందు కూచుంది. ‘ఏందిరా ఇన్నినాళ్లుగా, తంబిట్టు ఉండలు చేసే ఆడోళ్లు ఎవ్వరూ ఇంత తిప్పల పడరు’ అని పిడికెడు పిండి తీసుకుంది. గట్టిగా నొక్కింది. ముద్ద నిలబడింది. బొటనవేలితో పొడిచింది. పొడిగా రాలింది. ‘ఇంకొంచెం కావల్ల’ అంది. మళ్లీ నొక్కి, పొడిచి చూసింది. ఈసారి పొడిచినచోట రెండు పెద్ద ముక్కలుగా విరిగింది. ‘ఇదీ పాకం’ అంది. ఈ బాంబుల తయారీలో తడిసిన ఇసకలాగా ఉండాలంటారు. ఇసక పిసికి చూసే అలవాటు నాకు లేదు. పిండి పిసికే అలవాటు మా అమ్మకి డెబ్బై ఏళ్లుగా ఉంది.

ఆమె ఇంకో మాట కూడా అంది: ‘సున్నుండలకి నీళ్లు పోస్తారా ఎవురైనా? నెయ్యి పోస్తారు.’ ఇరవై ఎనిమిదేళ్ల సైన్సు పాఠం ఆ పూట తలవంచుకుంది. నూనెలో నీళ్లుండవు, కనక పొంగు మొదలు కాదు. కొబ్బరినూనె కాచి పోసి కలిపితే, చల్లారాక అది గడ్డకట్టి ఉండని పట్టి ఉంచుతుంది. చేశాను. ఉండ రాయిలాగా నిలిచింది. బుడిపె లేదు, నెర్రె లేదు. ఒక రోజంతా కదపకుండా ఉంచి, మందుల డబ్బాల్లో వచ్చే తేమ పీల్చే చిన్న పొట్లాలు పక్కన వేసి, ప్లాస్టిక్ కాగితంలో చుట్టాను. మర్నాడు బకెట్లో వేస్తే కొన్నదానికన్నా బాగా పొంగింది. వేడినీళ్లలో మరీ జోరుగా పొంగుతుంది, చన్నీళ్లలో కాస్త నింపాదిగా.

అంతా బాగుందనుకుంటూ చెంబెత్తి నీళ్లు పోసుకున్నాను. నీళ్లతోపాటు కొబ్బరినూనె కూడా బండలమీదికి దిగింది. రెండో చెంబుకి నేను కూడా దిగాను. చెంబు గణగణమంటూ గడప దాటి వసారాలోకి పోయింది. ‘ఈసారి ఏం పేలింది?’ అని వంటింట్లోంచి మా ఇంటామె అడిగింది. లేపడానికి రాలేదు, అడగడం మాత్రమే. నూనె సగానికి తగ్గించాలని నడుము పట్టుకుని నోటుపుస్తకంలో రాసుకున్నాను.

సగం నూనెతో చేసిన వాయిలోంచి రెండు మంచివి ఏరి అమ్మాయితో బెంగళూరు పంపాను. తొట్టె లేదు కదా, తను వాటిని అందమైన పెట్టెలో పెట్టి ఆఫీసులో ఎవరికో కానుకగా ఇచ్చిందట. ఎవరికని అడిగితే, మొదటిది తనకిచ్చినామెకే. ఆమె ‘ఎక్కడ కొన్నావు, చాలా ఖరీదుంటుందే’ అందట. నా ఇరవై రూపాయల లెక్కలో పెనం ఖరీదు, జల్లెడ సొట్ట, నడుముకి రాసుకున్న మందు చేరలేదు కనక ఆమె అన్నదే నిజం.

దీపావళి వచ్చింది. మా వైపు నరక చతుర్దశికి ముందు సాయంత్రం నీళ్లు నింపే పండగ. నీళ్లు కాచే రాగి అండాని తోమి మెరిపించి, పసుపు కుంకుమ పెట్టి, కొత్త నీళ్లు నింపి, తెల్లారి తలంటు పోసుకుంటారు. ఏడాదంతా మా బోరు నీళ్లు కాగి కాగి అండా లోపల సున్నం పొరలు పొరలుగా పట్టి ఉంటుంది. బయట రాగి నల్లబడి ఉంటుంది. చింతపండు, ఉప్పు వేసి మా అమ్మ పూటంతా తోముతుంది. ఆ ఏడు చింతపండు కోసమని కొట్టంలోకి పోయి, సైకిలు పక్కనున్న పేపరు పొట్లం విప్పింది. నేను తిరగేసి కలిపిన ఆరు పుల్లటి బాంబులు. ఏమనుకుందో ఒకటి చిదిపి, నీళ్లు చల్లి, పీచుతో అండా మీద రుద్దింది. బుసబుసమన్నచోటల్లా ఎర్రగా, అప్పుడే కంచరి దగ్గరనుంచి తెచ్చినట్టు రాగి బయటపడింది. లోపల రెండు వేసి కాసేపు ఉంచితే సున్నం పెళ్లలుగా ఊడొచ్చింది. అరగంటలో పని ముగిసింది. పక్కింటి వదిన చూసి వెళ్లింది, ఆమె వెనక ఇంకో ఇద్దరు వచ్చి చూశారు.

రాత్రి అన్నాల దగ్గర మా అమ్మ నాకు నెయ్యి ఒక చెంచా ఎక్కువ వేసింది. ‘ఒరే, నీ బాంబులు బాగుండాయి. ఇంకో పది చేసి పెట్టు, అందరూ అడగతాండారు’ అంది. ఇన్నాళ్లకి ఒక వినియోగదారు దొరికినందుకు నా కళ్లు చెమర్చబోయాయి. 

‘కాకపోతే ఒకటే తక్కువ’ అంది. ‘ఆ పొంగే గోల లేకుండా చెయ్యడం వచ్చునా నీకు?’

వచ్చు. అలాంటివి మొదటి మూడు రోజుల్లో చేసినవి పెరట్లో ఇంకా బోలెడున్నాయి.